ఇచ్చేదీ మనమే, పుచ్చుకునేదీ మనమే అయితే ఎలా?

విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసిపెడుతున్న వాళ్ళందరికీ ఒక బహిరంగ లేఖ

అన్నలూ, తమ్ముళ్ళూ, అక్కచెల్లెళ్ళూ, అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి నేను తెలుసు. తెలియకపోయినా ఏదో ఒక నర్సింగ్ హోమ్ మెట్ల మీద ఎదురుపడే ఉంటాం, మీరు డెమో చూపించి దిగుతుంటే నేను లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఎక్కుతూ ఉండి ఉంటాను. సూర్యారావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్ పైన, లిఫ్ట్ లేని మూడో అంతస్తులో, నలుగురితో నడిచే చిన్న కంపెనీ మాది. ఓపీ, బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ, డిశ్చార్జ్ సమ్మరీ, మనందరి సరుకూ ఇదే. కొటేషన్ల దగ్గర ఒకరి రేటు ఒకరం కోసుకుంటాం, అది వ్యాపారం, ఆ గొడవ కోసం కాదు ఈ ఉత్తరం. మనమందరం ఒకే తప్పు, ఎవరికి వాళ్ళం, ఎవరి గదిలో వాళ్ళం కూర్చుని చేస్తున్నామని నాకు అనుమానం. మనం రాసిన సాఫ్ట్‌వేరును మనమే రాసిన సాఫ్ట్‌వేరుతో పరీక్షించుకుని పాసయ్యామనుకోవడం ఆ తప్పు. నేనైతే చేశాను. అది చెప్పి, ఒక మాట అడుగుదామని రాస్తున్నాను.

ముందు ఈ లేఖ చదివే మామూలు పాఠకుల కోసం రెండు ముక్కలు. గుంటూరు కొత్తపేటలో డాక్టరుకు చూపించుకుని, అక్కడ స్కాన్ తీయించుకుని, రెండో అభిప్రాయం కోసం బ్యారేజీ దాటి సూర్యారావుపేటకు వచ్చే పేషెంటు చేతిలో ఏముంటుంది? బట్టల షాపు కవర్. అందులో మడతలు పడ్డ రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ములు, రంగు వెలిసిపోయిన ఈసీజీ కాగితం. ఒక కాగితం లేకపోతే మళ్ళీ టెస్టు, మళ్ళీ డబ్బులు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా బాబాయి వాళ్ళ కింది వాటా మొత్తం మునిగిపోయింది. ఫ్రిజ్ పోయింది, బండి పోయింది, వాటికి ఆయన బాధపడలేదు, ఎనిమిదేళ్ళ గుండె జబ్బు కాగితాలున్న ఫైలు ముద్దయిపోయిందని మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఫైల్లో ఉన్న ప్రతి కాగితమూ ఏదో ఒక ఆసుపత్రి కంప్యూటర్లో పుట్టిందే. అక్కడ ఉంది. ఆయన దగ్గరికి మాత్రం రాలేదు.

దీనికోసమే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. 2020 ఆగస్టు 15న ప్రకటించి, ముందు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చారు. నడిపేది నేషనల్ హెల్త్ అథారిటీ. మనిషికి పద్నాలుగు అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, ఉంటుంది. రికార్డు ఉన్న ఆసుపత్రి ఇచ్చే వైపు, దాన్ని హెచ్ఐపీ అంటాం. రికార్డు కావాల్సిన ఆసుపత్రి పుచ్చుకునే వైపు, అది హెచ్ఐయూ. మధ్యలో కబుర్లు అటూఇటూ చేరవేసే గేట్‌వే, సమ్మతి చూసుకునే కన్సెంట్ మేనేజర్. పేషెంటు తన ఫోన్లో సరే అంటేనే రికార్డు కదులుతుంది. అది కూడా గేట్‌వే గుండా పోదు, ఇచ్చేవాడు తాళం వేసి నేరుగా పుచ్చుకునేవాడి చిరునామాకు పంపుతాడు, తాళం తీసేది పుచ్చుకునేవాడొక్కడే. మన వాళ్ళు ఎప్పటినుంచో ఇచ్చిపుచ్చుకోవడం అంటారే, అచ్చంగా అదే.

ఇక మన సంగతి.

సాండ్‌బాక్స్‌లో, అంటే అసలుదాంట్లోకి వెళ్ళేముందు ప్రయోగాలు చేసుకునే ఉత్తుత్తి వ్యవస్థలో, మూడు మైలురాళ్ళు ఉన్నాయని మీకు తెలుసు. ఎం1లో ఆభా సృష్టించడం, సరిచూడటం, ఎం2లో ఇచ్చే వైపు కట్టడం, ఎం3లో పుచ్చుకునే వైపు కట్టడం. మేము ఎం1 అయ్యాక, రెండూ ఒకేసారి కడితే పని కలిసొస్తుందని ఎం2, ఎం3 కలిపి మొదలుపెట్టాం. ఒకే ప్రాజెక్టు, ఒకే డేటాబేసు, ఒకే సెట్టింగుల ఫైలు, ఒకే కుర్రాడు. (కుర్రాడు మంచివాడు, తప్పు నాది.) మా హెచ్ఐపీ నుంచి మా హెచ్ఐయూ అడిగింది, సమ్మతి వచ్చింది, రికార్డు వచ్చింది, తాళం తీశాం, ప్రిస్క్రిప్షన్ తెర మీద కనపడింది. ఆ సాయంత్రం అరకిలో బందరు లడ్డూ తెప్పించాను. క్లయింటు డాక్టరుగారికి ఫోన్ చేసి "అయిపోయిందండీ, ఇంక టెస్టింగుకు పెట్టడమే" అని కూడా చెప్పేశాను.

నాలుగు రోజుల తర్వాత గుంటూరులో ఇదే పని చేస్తున్న ఒక మిత్రుడు, బ్రాడీపేటలో ఆఫీసు, మాటల్లో "మా హెచ్ఐయూ నుంచి మీ హెచ్ఐపీని ఒకసారి లాగి చూడనా" అన్నాడు. సాండ్‌బాక్స్‌లోనే, ఉత్తుత్తి పేషెంటుతో. సరే లాగు, చూసి నేర్చుకో అన్నట్టు నవ్వాను.

ఒక్క రికార్డు కూడా పోలేదు.

మొదట నెట్ అనుకున్నాం. తర్వాత గేట్‌వే అనుకున్నాం. మన తప్పేమో అనుకునే లోపు అన్నీ అనుకుంటాం కదా. రాత్రి పదకొండింటికి లాగ్‌లు తెరిస్తే ఆయన అభ్యర్థన మాకు చక్కగా చేరింది, మేమే "ఈ సమ్మతి మా దగ్గర లేదు" అని తిప్పి పంపాం. లేకపోవడమేమిటి, నిన్నటిదాకా ప్రతిసారీ ఉందే?

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి కారణం ఈ ఒక్క పొరపాటే. పేషెంటు సరే అన్నాక కన్సెంట్ మేనేజర్ రెండు వైపులకూ కబురు పంపుతుంది. పుచ్చుకునే వైపు ఆ కబురు అందుకుని సమ్మతి పత్రాన్ని తెచ్చుకుని దాచుకోవాలి. ఇచ్చే వైపు తనకొచ్చిన సమ్మతి పత్రాన్ని తాను వేరేగా దాచుకోవాలి, తర్వాత డేటా అడిగినప్పుడు దాన్ని తీసి, ఎవరికి, ఏ రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎప్పటిదాకా అని సరిచూసుకుని పంపాలి. మా ఇచ్చే వైపు కోడు కబురు అందుకునేది, "అందింది" అని 202 జవాబు ఇచ్చేది, కానీ దాచుకునే దగ్గర ఒక ఫీల్డు పేరు తప్పుపడి, ఎర్రర్‌ను మింగేసి ఊరుకునేది. మరి మా సొంత పరీక్షలో ఎలా పాసైంది? మా పుచ్చుకునే వైపు అదే డేటాబేసులో అదే టేబుల్లో సమ్మతిని సరిగ్గా దాచేది. ఇచ్చే వైపు వెళ్ళి ఆ టేబుల్లో చూసుకుంటే పత్రం కనపడేది. అంటే ఇన్నాళ్ళూ మా హెచ్ఐపీ పక్కవాడి పేపర్లో చూసి రాసి పాసైంది. పక్కవాడు గుంటూరులో ఉండేసరికి తెల్లకాగితం ఇచ్చింది.

పెళ్ళికొడుకు తరఫునా మనమే, పెళ్ళికూతురు తరఫునా మనమే కూర్చుని లాంఛనాలు మాట్లాడుకుంటే పేచీ ఎందుకొస్తుంది? రాదు. ఎంతో సామరస్యంగా జరిగిపోతుంది. అవతల నిజంగా వియ్యాలవారు కూర్చున్నప్పుడే మనం ఏం మర్చిపోయామో తెలిసేది.

ఆ రాత్రి సమ్మతి సంగతి సరిచేశాం. రికార్డు వెళ్ళింది. ఆయన దగ్గర తాళం తెరుచుకోలేదు.

ఇది చాలామందికి తగిలే దెబ్బ. తాళంచెవులు తయారుచేసే లెక్క కర్వ్25519 అని స్పెసిఫికేషన్లో ఉంటుంది. పేరు ఒకటే, కానీ ఆ వక్రరేఖను రాసే రూపాలు వేరు. బౌన్సీ క్యాజిల్ లైబ్రరీ తీసుకుంటే వైర్‌స్ట్రాస్ రూపంలో, 04తో మొదలయ్యే 65 బైట్ల పబ్లిక్ కీ (అవతలివాళ్ళకు పంపే తాళంచెవి) వస్తుంది, ఈ వ్యవస్థలో జనం వాడుతున్నది అదే. ఎక్స్25519 అని గూగుల్లో కొట్టి తేలిగ్గా దొరికే లైబ్రరీ తెచ్చుకుంటే మాంట్‌గొమరీ రూపంలో 32 బైట్ల కీ వస్తుంది. రెండూ లెక్కల ప్రకారం బంధువులే, కానీ ఒకరి కీ ఒకరికి నేరుగా పనికిరాదు. మేము రెండో రకం తెచ్చుకున్నాం. మా రెండు వైపులా అదే లైబ్రరీ, కాబట్టి మాలో మాకు ఎంత చక్కగా తెరుచుకునేదో. ఎన్‌క్రిప్షన్ పనిచేస్తోంది అని నేను క్లయింటుకు చెప్పింది అబద్ధం కాదు. మాకు మాత్రమే పనిచేస్తోంది, అంతే. దాని తర్వాత నాన్స్‌లు, అంటే తాళంలో కలపడానికి ప్రతిసారీ కొత్తగా పుట్టించే అంకెలు: రెండు వైపుల 32 బైట్ల నాన్స్‌లనూ ఎక్స్ఓఆర్ అనే లెక్కతో కలిపి, మొదటి 20 బైట్లు సాల్ట్ అనే ముక్కగా, చివరి 12 బైట్లు ఐవీ అనే ముక్కగా వాడాలి. మావాడు మొదటి 12 ఐవీ, మిగతాది సాల్ట్ అనుకున్నాడు, రెండు వైపులా అలాగే అనుకున్నాడు కాబట్టి అదీ పాసే. ఫిడీలియస్ అనే నమూనా పనిముట్టు ఉంది, దాంతో ఒకసారి సరిచూసుకుని ఉంటే అరగంటలో తేలేది. మాకు సరిచూసుకోవాలని తోచలేదు, పనిచేస్తున్నదాన్ని ఎవడు సరిచూస్తాడు?

టైము గొడవ చిన్నదే కానీ నవ్వొస్తుంది. తేదీలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కయిన టైములో, చివర జెడ్ అక్షరంతో ఉండాలి. మేము మన టైమే రాసి చివర జెడ్ తగిలించాం. చదివేటప్పుడు కూడా జెడ్‌ను పట్టించుకోకుండా మన టైముగానే చదివాం. ఇంటిలోపల లెక్క సరిపోయింది. ఆయన సాయంత్రం ఆరింటిదాకా గడువున్న సమ్మతి పంపితే అందులో 12:30 జెడ్ అని ఉంది, మేము మధ్యాహ్నం పన్నెండున్నరకే గడువు చెల్లిందని తలుపు మూశాం. ఐదున్నర గంటల తేడా, పాఠం పుస్తకంలోనే ఉంది, చిన్నప్పుడు భూగోళంలో చదివిందే.

ఇన్ని తప్పులు ఒక్క బయటి మనిషి వల్ల బయటపడ్డాయి. అదే నేను గదిలో కూర్చుని మా రెండు వైపులనూ ఇంకో ఆర్నెల్లు పరీక్షించినా పడేవి కావు. ఒకే చెయ్యి రెండు వైపులా రాస్తే తప్పు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తప్పూ తప్పూ కలిసి ఒప్పులా కనపడతాయి.

ఆ తర్వాత మేము అమరిక మొత్తం విప్పి మళ్ళీ కట్టాం. ఏం చేశామో చెప్తాను, నచ్చింది తీసుకోండి, నచ్చకపోతే తిట్టండి. ఇచ్చే వైపు, పుచ్చుకునే వైపు వేరు ప్రాసెస్‌లు, వేరు డేటాబేసులు, ఒకదాని డేటాబేసు పాస్‌వర్డు రెండోదానికి తెలియదు. బ్రిడ్జ్, అంటే గేట్‌వేకు మన సాఫ్ట్‌వేరును కలిపే లంకె, ఒకటే కావచ్చు, గేట్‌వే నుంచి కబుర్లన్నీ ఒకే చిరునామాకు రావచ్చు, కానీ గుమ్మం దగ్గరే విడదీసి ఎవరి గదికి వాళ్ళని పంపాలి. సెట్టింగుల ఫైళ్ళు నాలుగు: ఇచ్చే వైపు సాండ్‌బాక్సుకు ఒకటి, అసలుదానికి ఒకటి, పుచ్చుకునే వైపూ అలాగే. క్లయింట్ ఐడీ, దాని పాస్‌వర్డు లాంటి సీక్రెట్, గేట్‌వే చిరునామా, కన్సెంట్ మేనేజర్ గుర్తు, డేటా వచ్చి పడాల్సిన చిరునామా, ఇవేవీ కోడులో ఉండవు, ఫైల్లో మాత్రమే. సాండ్‌బాక్సులో ఆ గుర్తు ఎస్‌బీఎక్స్, అసలుదాంట్లో ఏబీడీఎం, ఆభా చిరునామా చివర కూడా అదే తోక. ప్రోగ్రాం లేవగానే మొదట చేసే పని, గుర్తు ఎస్‌బీఎక్స్ అయివుండి డేటాబేసు అసలుదైతే, లేదా తిరగేసి అయితే, ఎర్రగా ఒక వాక్యం రాసి ఆగిపోవడం. ఇది రాయడానికి పది నిమిషాలు పట్టలేదు, ఇప్పటికి రెండుసార్లు మమ్మల్ని కాపాడింది, అందులో ఒకసారి శనివారం రాత్రి నా చేతి నుంచే.

పుచ్చుకునే వైపు ఇంకొకటి. డేటా అడిగిన ప్రతిసారీ కొత్త కీ జత పుట్టిస్తాం, పబ్లిక్ కీ పంపుతాం, ప్రైవేట్ కీ మన దగ్గర ఉంచుకుంటాం. ఎక్కడ? మేము మెమరీలో ఉంచాం. అడిగిన క్షణంలో రికార్డు రాదు, అవతలి ఆసుపత్రి సర్వరు తీరిక చూసుకుని పంపుతుంది, ఈలోపు మన సర్వరు ఒకసారి రీస్టార్ట్ అయితే? తాళం వేసిన పెట్టె క్షేమంగా వచ్చి గుమ్మంలో దిగుతుంది, తాళంచెవి మాత్రం మనం పారేసుకుని ఉంటాం. మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టరు కూడా చేతులెత్తేసే క్లినిక్కులు మనకు తెలియనివి కాదు. కాబట్టి లావాదేవీ నంబరు పక్కన ఆ కీని భద్రంగా, దాన్ని కూడా ఎన్‌క్రిప్ట్ చేసి, డిస్కు మీద రాసుకోండి, పని అయ్యాక చెరిపేయండి. మన ఒక్క లాప్‌టాప్‌లో రెండు వైపులూ నడిపినప్పుడు రికార్డు సెకనులో వచ్చేస్తుంది, కాబట్టి ఈ ఇబ్బంది కలలో కూడా రాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసేది చెప్తాను. మనలో చాలామందిమి ఒకే సాఫ్ట్‌వేరును పది, పదిహేను నర్సింగ్ హోములకు ఒకే సర్వరు మీద నడుపుతున్నాం. ప్రతి ఆసుపత్రికీ ఆసుపత్రుల రిజిస్ట్రీలో వేరే ఐడీ ఉంటుంది, గేట్‌వే నుంచి వచ్చే కబురులో ఎక్స్-హిప్-ఐడీ అనే హెడర్లో, కవరు మీద చిరునామాలా, అది ఉంటుంది. అది చూసి ఏ ఆసుపత్రి రికార్డుల్లో వెతకాలో తేల్చుకోవాలి. సాండ్‌బాక్సులో మనకుండేది ఒకే ఒక్క ఉత్తుత్తి ఆసుపత్రి, కాబట్టి హెడరు చూడకపోయినా నడుస్తుంది. "దొరక్కపోతే మొదటి ఆసుపత్రి" అని ఎవడో తోచక ఒక లైను రాస్తాడు. మా కోడులో నేనే రాశాను, ఇప్పుడు చూస్తే వెన్నులో చలి పుడుతుంది. పేషెంటు ఒక పిల్లల ఆసుపత్రిని అడిగితే పక్కవీధి ప్రసూతి ఆసుపత్రి రికార్డుల్లో వెతికి, అదే ఫోన్ నంబరున్న వేరొకరిని చూపిస్తే? అది బగ్ కాదండీ, ఒక ఇంటి రహస్యం. ఐడీ తెలియకపోతే తెలియదని జవాబివ్వాలి, అంతే, ఊహించకూడదు.

ఫోన్ నంబరంటే గుర్తొచ్చింది. పేషెంటును వెతికే చోట మనకొచ్చేవి ధ్రువీకరించిన మొబైల్ నంబరు, పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, ఉంటే ఆసుపత్రి నంబరు. మన టెస్టు పేషెంటు పేరు ఎప్పుడూ "టెస్ట్ పేషెంట్ వన్". మన ఊళ్ళో పేర్లు అలా ఉంటాయా? ఇంటిపేరు ముందు, ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. ఆధార్లో వెంకట నాగ లక్ష్మీ తిరుపతమ్మ, ఓపీ చీటీలో వీఎన్ఎల్ తిరుపతమ్మ, ల్యాబులో తిరపతమ్మ. ఇంగ్లీషు స్పెల్లింగులో లక్ష్మి ఎన్ని రకాలో మీకు తెలుసు. ఇంటిల్లిపాదికీ కొడుకు ఫోన్ నంబరొకటే. పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్లో పుట్టినరోజు జనవరి 1. అత్తా కోడలూ ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ లక్ష్ములే, ఒకటే నంబరు. మొబైల్ ఒక్కటీ కలిస్తే చాలని ముందుకెళ్తే ఒకరి రికార్డు ఇంకొకరికి కలుస్తుంది, పేరు అక్షరం అక్షరం కలవాలంటే ఎవరికీ ఎవరూ దొరకరు. ముందు నంబరుతో వడపోసి, తర్వాత లింగం, సంవత్సరం కొద్దిగా అటూఇటూ, అప్పుడు పేరు పోలిక, ఇద్దరు మిగిలితే దొరకలేదని చెప్పడం, మేము అక్కడికి వచ్చాం. దీనికంటే మంచి దారి మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నేను వచ్చి నేర్చుకుంటాను, టీ ఖర్చు నాది.

తెలుగు కూడా ఇలాగే. డిశ్చార్జ్ సమ్మరీలో "అన్నం తిన్నాక రోజుకు రెండుసార్లు" అని తెలుగులో రాసే డాక్టర్లున్నారు, దేవుడు వాళ్ళను చల్లగా చూడాలి. గుంటూరు నుంచి అలాంటి ఎఫ్‌హెచ్‌ఐఆర్ బండిల్ (రికార్డును పంపే ప్రామాణిక రూపం) మా పుచ్చుకునే వైపుకు వస్తే తాళం తీశాం, అంతా సవ్యంగా ఉంది, టేబుల్లో దాచి తెర మీద చూపిస్తే వరసగా ప్రశ్నార్థకాలు. డేటాబేసులో ఆ కాలమ్ వర్‌చార్ అని పెట్టాం, తెలుగు అక్షరాలు కూడా పట్టే ఎన్‌వర్‌చార్ అని పెట్టాల్సింది. మా సొంత టెస్టు డేటాలో ఒక్క తెలుగు అక్షరం లేదు కాబట్టి రెండు నెలలు తెలియలేదు. తెలుగునాట కూర్చుని తెలుగు లేని టెస్టు డేటా రాసుకున్న వాణ్ణి ఏమనాలో మీరే అనండి.

కొంచెం కోపంగా ఒక మాట. ఒక చోట, పేరు చెప్పను, సాండ్‌బాక్సులో "నిజమైన డేటా అయితే బాగా టెస్టవుతుంది" అని అసలు పేషెంట్ల రికార్డులు ఎక్కించడం నా కళ్ళతో చూశాను. పేర్లు, ఫోన్లు, జబ్బులు, అన్నీ. ఇంకొక చోట క్లయింట్ సీక్రెట్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఆ గ్రూపులో మందుల షాపు కుర్రాడు కూడా ఉన్నాడు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని సంగతి అటుంచండి, చట్టం లేకపోయినా ఇది తప్పే. మన అమ్మ రిపోర్టు అలా ఎవరి లాప్‌టాప్‌లోనో ఉంటే ఊరుకుంటామా?

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను.

నెలకొకసారి, రెండో శనివారం, మనం కలుద్దాం. ఒక నెల ఇక్కడ, ఒక నెల గుంటూరులో. ఎవరి లాప్‌టాప్ వాళ్ళది, ఎవరి సాండ్‌బాక్సు వాళ్ళది. ఒకటే నియమం, ఎవరూ తమ హెచ్ఐపీని తమ హెచ్ఐయూతో పరీక్షించకూడదు. చీటీలు తీద్దాం, నా ఇచ్చే వైపు మీ పుచ్చుకునే వైపుకు, మీ ఇచ్చే వైపు ఇంకొకరికి. పాసైందా, ఎక్కడ ఆగింది, ఎవరి వైపు తప్పు, ఒక కాగితం మీద రాసుకుందాం. సమ్మతి ఇచ్చి మధ్యలో రద్దు చేయించి చూద్దాం, రద్దయ్యాక కూడా పంపుతున్నవాళ్ళు ఎవరో తేలిపోతుంది. సర్వరును మధ్యలో పీకి చూద్దాం. పేషెంటు ఒకే రోజు రెండుసార్లు వచ్చినట్టు పెట్టి చూద్దాం. పెద్ద పీడీఎఫ్ ఎక్కించి చూద్దాం, ఫోన్‌తో తీసిన పది పేజీల పాత కేసు షీటు లాంటిది.

వీటన్నిటికీ ఒక ఉత్తుత్తి పేషెంట్ల జాబితా కావాలి, అది నేను మొదలుపెట్టాను, ముప్పై మంది. అందులో ఒకే నంబరు మీద ఐదుగురున్న కుటుంబం ఉంది, జనవరి 1న పుట్టిన ముసలాయన ఉన్నాడు, కవల ఆడపిల్లలున్నారు, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినామె ఉంది, ఇంటిపేరు వెనక పెట్టుకునే హైదరాబాద్ అల్లుడు కూడా ఉన్నాడు. ఒక్కరూ నిజమైన మనిషి కాదు. మీకు తట్టిన చిక్కు పేషెంట్లను కలపండి.

మీ అభ్యంతరం నాకు తెలుసు. మా కోడు పోటీవాళ్ళు చూస్తారు. ఎవరూ ఎవరి కోడూ చూడరండీ, గుమ్మం దగ్గర ఇచ్చిపుచ్చుకునేది మాత్రమే చూస్తారు, అది ఎలాగూ రేపు అందరికీ కనపడాల్సిందే. రెండో అభ్యంతరం, ఫంక్షనల్ టెస్టింగ్ ఉంది కదా, సెక్యూరిటీ ఆడిట్ ఉంది కదా, అవి పట్టుకుంటాయి కదా అని. చాలావరకు పట్టుకుంటాయి. కానీ అది పరీక్ష హాలు, అక్కడికి వెళ్ళాక మొదటిసారి పుస్తకం తెరిస్తే ఎలా? పైగా అత్తాకోడళ్ళ సంగతి, పదిహేను ఆసుపత్రుల సర్వరు సంగతి మన ఊళ్ళో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మూడో అభ్యంతరం ఎవరూ పైకి అనరు, నలుగురిలో మనది ఫెయిలైతే పరువు పోతుందని. మొదటి రోజు మాదే ఫెయిలయ్యేలా చీటీ తీయండి, నేను సిద్ధంగానే ఉన్నాను, అలవాటైపోయింది.

ఆసుపత్రి యజమానులు, అడ్మినిస్ట్రేటర్లు ఎవరైనా ఇక్కడిదాకా చదివితే మీకూ ఒక మాట. డెమోలో వాళ్ళ తెర మీంచి వాళ్ళ తెర మీదకే రికార్డు వెళ్ళడం చూసి సంతకం పెట్టకండి. "పక్క కంపెనీ సాఫ్ట్‌వేరుతో ఇచ్చి చూపించు, తీసుకుని చూపించు" అనండి. నన్ను కూడా అలాగే అడగండి. అడిగితే నాకు చెమట్లు పడతాయి, కానీ అడగండి.

మొదటి సమావేశం వచ్చే నెల రెండో శనివారం పొద్దున పదింటికి, మా ఆఫీసు పైన డాబా మీద షెడ్డులో. లిఫ్ట్ లేదని ముందే చెప్పాను. ఎక్స్‌టెన్షన్ బాక్సులు తెచ్చుకోండి, మా దగ్గర రెండే ఉన్నాయి. వైఫై నమ్ముకోకండి, ఫోన్ హాట్‌స్పాట్ ఉంచుకోండి, వేర్వేరు కంపెనీల సిమ్ములైతే ఇంకా మంచిది. మీ సాండ్‌బాక్సు బ్రిడ్జ్ చిరునామా ఆ రోజు పొద్దున మారకుండా చూసుకోండి, తాత్కాలిక టన్నెల్ చిరునామాలు పెట్టుకుని వచ్చి గంటసేపు అది మార్చుకుంటూ కూర్చోవద్దు. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళు కారుల్లో కలిసి వస్తే పార్కింగ్ బాధ తగ్గుతుంది, ఈ వీధిలో అంబులెన్సుకే చోటు దొరకదు. మధ్యాహ్నం భోజనం మాది, కారం ఎక్కువ వేయించమని చెప్తాను, గుంటూరు వాళ్ళ కోసం.

బ్రాడీపేట మిత్రుడు వస్తానన్నాడు. వస్తూ తన హెచ్ఐపీని తెస్తున్నాడు, ఈసారి లాగేది మేము.

ఇట్లు,
సూర్యారావుపేట మూడో అంతస్తువాడు